పద్దెనిమిది నిండిన మా పిల్లలకు పని దారి చూపండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల గౌరవ ముఖ్యమంత్రులకు, కార్మిక, విద్య, సంక్షేమ శాఖల మంత్రులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నేను ప్రత్యేక ఉపాధ్యాయురాలిని. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు చదువుతో పాటు చేతి పనులు నేర్పడం నా వృత్తి. బడి ఈడు దాటుతున్న ఆ పిల్లల తరఫున మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

ప్రభుత్వాలు వీళ్ళకేమీ చేయడం లేదని నేను అనను. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి 6,000 రూపాయలైంది. తెలంగాణలో 2023లో 4,016 రూపాయలకు పెరిగింది. సమగ్ర శిక్ష కింద మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అయితే ఉచిత విద్యకు ఆ చట్టం ఇచ్చిన హామీ 18 ఏళ్ళ దాకానే. ఆ తర్వాత మా పిల్లల్ని చేయి పట్టుకుని పనిలో కుదిర్చే పక్కా ఏర్పాటు రెండు రాష్ట్రాల్లోనూ లేదు. నేను అడగబోయేది ఆ ఏర్పాటు గురించే.

బడి ఆగిపోయాక ఏమవుతుందో మాలాంటి వాళ్ళకు బాగా తెలుసు. పొద్దున్నే లేచి, స్నానం చేసి, టిఫిన్ డబ్బా సర్దుకుని, ఆటో వచ్చే వేళకి గుమ్మంలో నిలబడడం మా పిల్లలకు ఏళ్ళ తరబడి నేర్పితే వచ్చిన అలవాటు. ఏడాదిపాటు ఇంట్లో కూర్చుంటే అది పోతుంది. నిద్ర లేచే వేళ మారుతుంది. మాట తగ్గుతుంది, కోపం పెరుగుతుంది. మళ్ళీ మా దగ్గరికి తీసుకొచ్చేసరికి ఎన్నో పనులు మొదటి నుంచి నేర్పాల్సి వస్తుంది. బిడ్డను కనిపెట్టుకుని ఉండడానికి తల్లి కూలి మానుకుంటుంది. అలా ఒకరికి పని లేకపోవడంతో ఇంట్లో ఇద్దరి సంపాదన పోతోంది. మాతో ఎంతసేపు మాట్లాడినా అమ్మానాన్నలు చివరికి అడిగేది ఒక్కటే: "మేం పోయాక వీడి గతేంటి మేడమ్?"

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవారు 2.68 కోట్ల మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షల పైచిలుకు. 2018లో జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడతలో, 15 ఏళ్ళు, ఆపైబడిన వైకల్యం గలవారిలో పని చేస్తున్నవారు 22.8 శాతమని తేలింది. పని కోసం వెతుకుతున్నవారిని కూడా కలిపితే 23.8 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఉన్నది ఒక్క శాతమే. మిగతావారిలో వృద్ధులూ ఉన్నారు, బొత్తిగా పని చేయలేనివారూ ఉన్నారు, నిజమే. కానీ పని దొరుకుతుందన్న ఆశే లేక అడగడం మానేసిన యువతీ యువకులు కూడా ఆ లెక్కలోనే ఉన్నారు. వాళ్ళు ఏ నిరుద్యోగుల జాబితాలోనూ కనబడరు. అందుకే వాళ్ళ సమస్య మీ బల్ల మీదికి రాదు.

మా పిల్లల బతుకును, వైకల్యం ఎంత శాతమో తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్ మీద ఉండే ఒక అంకె శాసిస్తోంది. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు స్వల్ప స్థాయి మేధో వైకల్యానికి 50 శాతం, మోస్తరు స్థాయికి 75 శాతం, తీవ్రమైనదానికి 90 శాతం అని రాయమన్నాయి. పింఛనుకూ రాయితీలకూ ఆ అంకె కావాలి. అదే కాగితం ఉద్యోగమిచ్చే మేనేజరు చేతికి వెళ్ళినప్పుడు, 75 శాతం వైకల్యమంటే పావు వంతు పని మాత్రమే చేయగలడని ఆయన అర్థం చేసుకుంటాడు. ఏ పని చేయగలడో, ఎంత సాయం ఉంటే చేయగలడో ఆ అంకెలో ఉండదు. 2024 అక్టోబరులో ఎంబీబీఎస్ సీటు కోరిన ఒక విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే చెప్పింది. వైకల్యం శాతం ఇంత ఉందన్న ఒక్క కారణంతో అర్హత లేదనకూడదని, ఆ కోర్సు చదవగలడా లేదా అన్నది బోర్డు పరీక్షించి తేల్చాలని తీర్పిచ్చింది. డాక్టరు కాబోయే విద్యార్థికి దక్కిన ఆ న్యాయం కిరాణా సరుకులు ప్యాక్ చేసే కుర్రాడికీ దక్కాలి.

అలాంటి కుర్రాడి పని ఒకటి దగ్గరగా చూపిస్తాను. మా దగ్గర చదివిన ఒక అబ్బాయిని సూపర్ మార్కెట్ వెనక గదిలో కందిపప్పు అరకిలో ప్యాకెట్లు కట్టే పనిలో పెట్టాం. అతనికి అంకెలు చదవడం రాదు. ఎలక్ట్రానిక్ కాటా మీద ఏ అంకె పడిందో తెలియక చేతులు ఆగిపోయేవి. మొదటి రోజే అక్కడి సూపర్‌వైజరు పెదవి విరిచారు. మాతో పనిచేసే టీచరొకరు అట్టముక్క మీద 0.500 అని, అంకెలు కాటాలో ఎలా కనబడతాయో అచ్చం అలాగే గీసి, కాటా పక్కన అతికించారు. రెండూ ఒకేలా కనబడేదాకా గరిటెతో పప్పు వేయాలి, ఎక్కువైతే తీయాలి. తర్వాత కవరు సీలింగ్ మిషన్లో పెట్టి, ఎర్ర లైటు ఆరేదాకా నొక్కి పట్టుకోవాలి. ఈ రెండూ వచ్చాక ప్యాకెట్లను డజను చొప్పున ట్రేలో పేర్చడం నేర్పారు.

పని నేర్పాల్సింది ఆ అబ్బాయికి మాత్రమే కాదు. మూడు పనులు ఒకేసారి చెబితే అతను తడబడతాడని, ఒకటి అయ్యాక ఇంకొకటి చెబితే చక్కగా చేస్తాడని సూపర్‌వైజరుకు చెప్పాలి. లోడు దిగే సమయంలో అరుపులకు అతను బెదిరిపోతాడని, కాసేపు బయట కూర్చోనిస్తే తనంతట తనే తిరిగొస్తాడని తోటివాళ్ళకు చెప్పాలి. ఆ టీచరు కొన్ని వారాలు రోజూ వెళ్ళారు, తర్వాత వారానికోసారి, ఆపైన ఫోన్లో కనుక్కుంటే సరిపోయింది. ఆ అబ్బాయి ఇప్పటికీ అందరిలా వేగంగా చేయలేడు. కానీ తూకంలో తేడా రానివ్వడు, పని మధ్యలో ఫోను చూడడు, నాగా పెట్టడు. "రేపు కూడా రమ్మన్నారు" అని వాళ్ళమ్మకు రోజూ చెబుతాడు.

ఆ టీచరు చేసిన పనికి జాబ్ కోచింగ్ అని పేరు. జాబ్ కోచ్ ముందు ఆ పని తానే చేసి చూస్తారు. దాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడదీసి, ఏ ముక్క దగ్గర పిల్లవాడు ఆగిపోతున్నాడో కనిపెట్టి, దానికి ఉపాయం వెతుకుతారు. యజమానికి ధైర్యం చెబుతారు, బస్సు ఎక్కడం దిగడం నేర్పుతారు, తల్లిదండ్రులతో మాట్లాడతారు, పని కుదురుకున్నాక పక్కకు తప్పుకుంటారు. మా పిల్లల విషయంలో శిక్షణ పూర్తయ్యాక ఉద్యోగమన్న పద్ధతి నడవదు. తరగతి గదిలో నేర్చుకున్నది దుకాణంలో గుర్తు రాకపోవచ్చు. అందుకే ఎక్కడ పనిచేయాలో అక్కడే నేర్పాలి. ఇవాళ ఈ పనంతా స్వచ్ఛంద సంస్థల చందాలతోనో, టీచర్ల సొంత పూనికతోనో, తల్లిదండ్రుల పలుకుబడితోనో జరుగుతోంది. చందాలు ఆగితే కోచ్ ఉండరు. పలుకుబడి లేని ఇంటి బిడ్డకు కోచే దొరకరు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు దాన్ని ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. మేధో వైకల్యం మీద దేశమంతటికీ నిపుణుల్ని తయారుచేసే సంస్థ మన దగ్గరే ఉండగా, జిల్లాకో జాబ్ కోచ్‌ల బృందాన్ని తయారుచేసుకోవడం మనకు అలవికాని పని కాదు.

ఇక జీతం సంగతి. వేగం తక్కువైన మనిషికి పూర్తి జీతం ఇవ్వడానికి చిన్న వ్యాపారి వెనకాడితే నేను ఆయన్ని తప్పుపట్టను. ఆయన లెక్క ఆయనది. అలాగని మా పిల్లలకు సగం జీతం చాలు అనడం అన్యాయం. 1948 నాటి కనీస వేతనాల చట్టం వైకల్యం ఉన్న కార్మికులను కనీస వేతనం నుంచి మినహాయించే వీలు ప్రభుత్వాలకు ఇచ్చింది. మనం ఎంచుకోవాల్సిన దారి అది కాదు. స్వీడన్‌లో మనిషి పని సామర్థ్యం ఎంత తగ్గిందో అంచనా వేసి, ఆ మేరకు జీతంలో కొంత భాగాన్ని ప్రభుత్వం యజమానికి ఇస్తుంది. పనిచేసేవారికి పూర్తి జీతం అందుతుంది. జర్మనీలో 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ 5 శాతం కొలువులు తీవ్ర వైకల్యం గలవారికి ఇవ్వాలి, లేదంటే రుసుము కట్టాలి. ఆ రుసుమును వైకల్యం ఉన్నవారి ఉపాధికీ, పనిచోట సదుపాయాలకూ ఖర్చుపెడతారు.

ఈ ఆలోచన మన పల్లెలకూ కొత్త కాదు. ఉపాధి హామీ మార్గదర్శకాలు వైకల్యం ఉన్నవారికి తాగునీళ్ళు అందించడం, పసిపిల్లల్ని చూసుకోవడం, మొక్కలకు నీళ్ళు పోయడం వంటి పనులిచ్చి, కూలి మాత్రం అందరితో సమానంగా ఇమ్మన్నాయి. గడ్డపార ఎత్తలేని మనిషికి తగిన పని చూపించారు, కూలి తగ్గించలేదు. చెరువు గట్టు మీద ఒప్పుకున్న ఆ పద్ధతిని బేకరీలో, లాండ్రీలో, నర్సరీలో, ఆసుపత్రి వంటగదిలో ఎందుకు ఒప్పుకోకూడదు? కేంద్రం 2008 ఏప్రిల్‌లో తెచ్చిన పథకంలో వైకల్యం ఉన్నవారిని చేర్చుకున్న ప్రైవేటు యజమాని తరఫు ఈపీఎఫ్, ఈఎస్‌ఐ వాటాను మొదటి మూడేళ్ళు ప్రభుత్వమే భరిస్తానంది. మంచి మాటే. కానీ మా పిల్లలకు పని దొరికే చిన్న దుకాణాల్లో చాలావాటికి పీఎఫ్ ఖాతాలే ఉండవు. అక్కడిదాకా చేరే సాయం రాష్ట్రాలే రూపొందించాలి.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి భయం. మీ అబ్బాయికి పని చూశాం అని చెబితే తల్లిదండ్రులు ముందుగా అడిగేది, "పింఛను ఆపేస్తారా?" అని. ఆ పింఛను ఊరికే రాలేదు. సదరం స్లాటు కోసం ఎదురుచూసి, కొత్త చోటంటే బెదిరిపోయే బిడ్డను బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్ళి, క్యూలో నిలబడి తెచ్చుకున్నారు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛన్లను మళ్ళీ పరిశీలించి నోటీసులిచ్చినప్పుడు ఆ భయం ఇంకా పెరిగింది. అనర్హులను తొలగించడాన్ని నేను తప్పుపట్టను. కానీ పనికి వెళ్తున్నాడు కాబట్టి వైకల్యం లేదని ఎవరైనా రాసేస్తారేమోనని తల్లులు వణుకుతున్నారు. నెలనెలా ఖాయంగా వచ్చే డబ్బు వదులుకుని, ఎన్నాళ్ళుంటుందో తెలియని చిన్న కొలువుకు బిడ్డను పంపమని నేను ఏ ముఖం పెట్టుకుని చెప్పను? పని పోతే పింఛను మళ్ళీ వస్తుందన్న భరోసా మీరు ఇస్తే తప్ప ఆ తల్లి గడప దాటనివ్వదు.

ప్రభుత్వ కొలువుల విషయానికొస్తే, 1995 చట్టంలో 3 శాతంగా ఉన్న రిజర్వేషన్‌ను 2016 చట్టం 4 శాతం చేసింది. ఆ పెరిగిన ఒక్క శాతంలోనే ఆటిజం, మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారంతా సర్దుకోవాలి. అందరూ రాసే పోటీ పరీక్ష రాయగలిగినవారికే ఆ కొలువు అందుతుంది. మోస్తరు మేధో వైకల్యం ఉన్న అమ్మాయి ఆసుపత్రిలో దుప్పట్లు మడతపెట్టగలదు, గ్రంథాలయంలో పుస్తకాలు రంగుల గుర్తుల ప్రకారం సర్దగలదు. కానీ జనరల్ నాలెడ్జ్ పేపరు రాయలేదు. అలా రెండేళ్ళు తగిన అభ్యర్థి దొరకలేదని తేలితే ఖాళీని వేరే వైకల్య విభాగానికి మార్చవచ్చు. అక్కడా ఎవరూ లేకపోతే వైకల్యం లేనివారితో నింపవచ్చు. చట్టమే ఆ వీలిచ్చింది. 2021 జనవరిలో కేంద్రం వైకల్యం ఉన్నవారికి అనువైన 3,566 రకాల పోస్టులను గుర్తించి జాబితా ప్రకటించింది. పోస్టు అనువైనదని గుర్తించాక, దానికి మనిషిని ఎంపిక చేసే తీరు కూడా అనువుగా ఉండాలి కదా. కింది స్థాయి పోస్టులకు రాత పరీక్ష బదులు పని చేయించి చూసే పరీక్ష పెట్టండి.

ప్రైవేటు రంగంలో కనీసం 5 శాతం మంది వైకల్యం ఉన్నవారు ఉండేలా యజమానులకు ప్రోత్సాహకాలు ఇవ్వాలని 2016 చట్టంలోని 35వ సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వాల ఆర్థిక స్థోమత మేరకు అన్న మాట కూడా అందులోనే ఉంది. ఆ మాట చాటున ఇన్నేళ్ళు గడిచాయి. ప్రతి సంస్థా సమాన అవకాశ విధానాన్ని ప్రకటించి, దాని ప్రతిని దివ్యాంగుల కమిషనర్ దగ్గర నమోదు చేయాలని 21వ సెక్షన్ చెబుతోంది. మీరు భూములూ రాయితీలూ ఇచ్చి తెస్తున్న పరిశ్రమల్ని ఆ ఒక్క కాగితం అడగండి.

ఇలాంటి మాటలు ఎత్తగానే సభల్లో శ్రీకాంత్ బొల్లా పేరు చెబుతారు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో చూపు లేకుండా పుట్టి, ఇంటర్‌లో సైన్సు చదవడానికి కోర్టుకెక్కి, అమెరికాలో ఎంఐటీలో చదివి, హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి, తనలాంటి ఎందరికో పని ఇచ్చిన మనిషి ఆయన. ఆయన్ని చూసి మేమూ గర్వపడతాం. కానీ అసాధారణమైన ఒక్కరు గెలిచారని చెప్పి, సాధారణమైన వేలమందిని వదిలేయకూడదు. మా పిల్లలు కంపెనీలు పెట్టలేరు. రోజుకు కొన్ని గంటలు, ఒక చోట, ఒక పని చేయగలరు. దాని వల్ల వాళ్ళకు జీతం, స్నేహితులు, పొద్దున్నే లేవడానికి ఒక కారణం దొరుకుతాయి. లెమన్ ట్రీ హోటళ్ళలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళు అతిథులకు వడ్డిస్తున్నారు. 2017లో హుబ్బళ్ళిలో మొదలైన మిట్టీ కేఫ్ 2023లో సుప్రీంకోర్టు ఆవరణలోకి కూడా వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో గ్రామీణ యువతకు కొలువులు చూపించిన ఈజీఎంఎంలో పనిచేసిన మీరా షెనాయ్, తర్వాత హైదరాబాద్ కేంద్రంగా వైకల్యం ఉన్న యువత కోసం యూత్ ఫర్ జాబ్స్ స్థాపించారు. ఉమ్మడి రాష్ట్రంలో పేదరిక నిర్మూలనకు నడిచిన వెలుగు పథకం కాలంలో ఊరూరా వికలాంగుల సంఘాలు ఏర్పడ్డాయి. పని తెలిసినవాళ్ళు మన మధ్యే ఉన్నారు, వాళ్ళ అనుభవాన్ని ప్రభుత్వ వ్యవస్థగా మార్చాలి.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి. 2011 లెక్కల్లో వైకల్యం ఉన్న మగవారిలో 47 శాతం పనిచేస్తుంటే, ఆడవారిలో 23 శాతమే. తల్లిదండ్రుల భయం వాళ్ళను ఇంటి దగ్గరే ఉంచేస్తోంది, ఆ భయం కొట్టిపారేసేది కాదు. ఇవాళ రెండు రాష్ట్రాల్లోనూ కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. టికెట్ అడ్డం తొలగింది. మొదటి కొన్ని వారాలు పక్కన కూర్చుని, ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో, ఎవరైనా చేయి వేస్తే ఎలా అరవాలో నేర్పే మనిషి ఉంటే ఆ పిల్లా పనికి వెళ్తుంది. అందుకే జాబ్ కోచ్‌లలో ఆడవాళ్ళు సగం మందైనా ఉండాలి.

మేం కోరేవి ఇవి:

1. భవిత కేంద్రాల్లో, ప్రత్యేక పాఠశాలల్లో పిల్లలకు 14 ఏళ్ళు వచ్చినప్పటి నుంచే పని ప్రణాళిక తయారుచేయాలి. బడి వదిలే నాటికి ఏ పనులు చేయగలరో, ఏ సాయం కావాలో రాసిన పత్రం ఇవ్వాలి. సదరం సర్టిఫికెట్‌తో పాటు యజమాని ఆ పత్రమూ చూడాలి.

2. ప్రతి జిల్లాలో శాశ్వత జీతంతో జాబ్ కోచ్‌ల బృందం ఉండాలి. ప్రత్యేక ఉపాధ్యాయులకూ, భవిత కేంద్రాల్లోని సమ్మిళిత విద్యా రిసోర్స్ పర్సన్లకూ (ఐఈఆర్‌పీలకూ) శిక్షణ ఇచ్చి అందులోకి తీసుకోవచ్చు.

3. కనీస వేతనానికి తగ్గకుండా ఇచ్చే యజమానికి, తగ్గిన పని సామర్థ్యం మేరకు జీతంలో వాటాను రాష్ట్రం భరించాలి. ఏటా సామర్థ్యాన్ని మళ్ళీ చూసి ఆ వాటా సవరించాలి.

4. 4 శాతం రిజర్వేషన్‌లో ఏ విభాగం కింద ఎన్ని పోస్టులున్నాయో, ఎన్ని నిండాయో ఏటా డిసెంబరు 3న, అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం నాడు, శాఖలవారీగా ప్రకటించాలి.

5. పనిలో చేరినవారి పింఛను కనీసం మూడేళ్ళు ఆపకూడదు. ఆ తర్వాత ఆపినా, పని పోయిన మరుసటి నెలే, మళ్ళీ సదరం క్యాంపుకు తిప్పకుండా పునరుద్ధరించాలి.

ఇవన్నీ ఒక్క ఏడాదిలో కావని మాకూ తెలుసు. కోచ్‌ల నియామకానికి, జీతాల వాటాకు బడ్జెట్ కావాలి, సమయం కావాలి. అయిదో కోరికకు అవేవీ అక్కర్లేదు. ఇప్పుడిస్తున్న పింఛనే ఇస్తూ, పనికి వెళ్ళినందుకు దాన్ని తీసేయబోమని ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. దాంతోనే మొదలుపెట్టండి. ఆ ఉత్తర్వు కాగితం చేతికొస్తే, బిడ్డను పనికి పంపమని అడగడానికి మాలాంటి టీచర్లం ఇంటింటికీ వెళ్తాం. మీ అధికారులు కోచ్‌లను ఎంపిక చేసేలోగా ఎక్కడ ఎవరు పనికి సిద్ధంగా ఉన్నారో జాబితాలు రాసి పెడతాం. మా వంతు పని మేం చేస్తాం. మీ వంతు పనికి తేదీ చెప్పమని అడుగుతున్నాం.

ఇట్లు,
పనులు నేర్పే ఒక ప్రత్యేక ఉపాధ్యాయురాలు